మొక్క కన్నా ముందు నీటికి దారి

ఏటా జూలై 26న, ప్రపంచ మడ అడవుల (ఉప్పునీటి బురదలో పెరిగే చెట్ల అడవుల) దినోత్సవం నాడు, మన తీర జిల్లాల నుంచి దాదాపు ఒకే తీరు వార్తలు వస్తుంటాయి. అధికారులు, కళాశాల విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు మోకాలి లోతు బురదలో దిగి మొక్కలు నాటుతారు. ఇన్ని వేల మొక్కలు నాటామని, రేపు తుపాను వస్తే ఇవే మన ఊళ్లకు రక్షణ అవుతాయని చెబుతారు. ఎండనక బురదనక పనిచేసిన వాళ్ల శ్రమను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. అయితే నాటిన మొక్కల్లో మూడేళ్ల తర్వాత ఎన్ని బతికి ఉన్నాయో లెక్కపెట్టి చెప్పిన వార్తలు మాత్రం నాకు చాలా అరుదుగా కనిపించాయి. ప్రకృతినే ఆసరాగా చేసుకొని విపత్తుల ముప్పు తగ్గించుకోవాలన్న ఆలోచన ఇప్పుడు ప్రభుత్వ పత్రాల్లోకి, అంతర్జాతీయ సంస్థల నివేదికల్లోకి బలంగా వచ్చింది గనుక, మన డెల్టాల్లో ఆ ఆలోచన నిజంగా దేనిమీద నిలబడుతుందో కాస్త వివరంగా రాయాలనిపించింది. నాకు అర్థమైనంత వరకు అది మొక్కల సంఖ్య మీద నిలబడదు. నీరు వచ్చిపోయే దారి మీద నిలబడుతుంది.

మాది దివిసీమ. మా ఇళ్లలో పెద్దవాళ్లు పాత సంగతి ఏది చెప్పినా సంవత్సరం చెప్పరు. "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తర్వాత" అంటారు. పెళ్లిళ్లు, పుట్టుకలు, పొలాల అమ్మకాలు కొనుగోళ్లు అన్నీ ఆ గీతకు ఇటో అటో పడతాయి. 1977 నవంబరు 19న తీరం దాటిన ఆ తుపాను సముద్రాన్ని సుమారు ఐదు మీటర్ల ఎత్తుకు లేపి కిలోమీటర్ల కొద్దీ లోపలికి తోసింది. అధికారిక లెక్కల ప్రకారమే పది వేల మంది వరకు చనిపోయారు. సొర్లగొంది వంటి తీర గ్రామాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ మరణాలన్నిటికీ తీరంలో తగినంత అడవి లేకపోవడమే కారణమని చెబితే అది నిజం కాదు. హెచ్చరిక చాలా ఊళ్లకు చేరలేదు. చేరిన చోట తలదాచుకోవడానికి గట్టి మేడ లేదు, బయటపడటానికి రోడ్డు లేదు. తర్వాతి దశాబ్దాల్లో తుపాను ఆశ్రయ భవనాలు, రోడ్లు, కరకట్టలు, అన్నిటికన్నా ముఖ్యంగా ముందస్తు హెచ్చరికలు వచ్చాయి కాబట్టే ఈనాడు అంత బలమైన తుపాను వచ్చినా మరణాలు వేలల్లోకి వెళ్లడం లేదు. మడ అడవి గురించి మాట్లాడే ప్రతివారూ ఈ సంగతిని ముందుగా ఒప్పుకోవాలని నేను కోరుకుంటాను.

మరి అడవి చేసేది ఏమిటి? తెల్ల మడ, నల్ల మడ చెట్ల చుట్టూ బురదలోంచి జానెడు ఎత్తున నిలువుగా పైకి లేచే శ్వాస వేళ్లు, ఉప్పు పొన్న కాండం నుంచి వంగి నేలలో దిగే ఊత వేళ్లు, వాటి పైన దట్టంగా అల్లుకున్న కొమ్మలు అన్నీ కలిసి నీటి వేగాన్ని అడుగడుగునా తగ్గిస్తాయి. ప్రపంచంలోని అనేక చోట్ల జరిగిన కొలతలను 2012లో ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, వంద మీటర్ల వెడల్పు మడ అడవి అలల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గించగలదని తేలింది. ఉప్పెన నీటిమట్టం విషయంలో మాత్రం లెక్క వేరు. అక్కడ ఒక కిలోమీటరు వెడల్పు అడవికి తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లు. అంటే ఐదు మీటర్ల ఉప్పెన ఎదురుగా వస్తే, ఐదు కిలోమీటర్ల దట్టమైన అడవి ఉన్నా మంచి సందర్భంలో రెండున్నర మీటర్లు, చెడ్డ సందర్భంలో పావు మీటరు మాత్రమే తగ్గుతుంది. ఈ అంకెలు చూసి నిరుత్సాహపడనక్కరలేదు. ఉప్పెన నీటి మీద స్వారీ చేస్తూ వచ్చే అలలే మట్టి గోడలను కూల్చేది, కరకట్టను కోసేది. ఆ అలల బలాన్ని విరచడంలో అడవికి సాటి వచ్చేది తక్కువ. పైగా చిన్న, మధ్య తరహా తుపానులు ఏటా వచ్చిపోతుంటాయి. పెద్ద ఉప్పెన తరానికి ఒకసారి రావచ్చు. ఏటా వచ్చే నష్టాన్ని తగ్గించే పని అడవి చడీచప్పుడు లేకుండా చేస్తూనే ఉంటుంది.

ఈ విషయంలో మనకు దగ్గరి సాక్ష్యం ఒడిశాది. 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లాలో నాలుగు వందలకు పైగా గ్రామాల్లో జరిగిన మరణాలను సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించి 2009లో ప్రచురించారు. తీరానికి తమకు మధ్య వెడల్పైన మడ అడవి ఉన్న గ్రామాల్లో మరణాలు తక్కువగా, అడవి సన్నబడిన లేదా పూర్తిగా పోయిన గ్రామాల్లో ఎక్కువగా ఉన్నాయని వారు గణాంకాలతో చూపించారు. అదే పరిశోధనలో వారు ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పారు: అడవి కాపాడిన ప్రాణాల కన్నా ముందస్తు హెచ్చరిక, ఖాళీ చేయించడం కాపాడిన ప్రాణాలు ఎక్కువ. నాకు ఆ పరిశోధన మీద గౌరవం పెరగడానికి ఆ నిజాయితీ ఒక కారణం.

ఇక మన దగ్గరికి వద్దాం. కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కృష్ణా మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, ఇంకొక అభయారణ్యం ఉంది. మొత్తం మీద రాష్ట్రంలో నాలుగు వందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు మడ అడవి మిగిలి ఉంది. ఇందులో కొంత భాగం పటంలో అడవిగా కనిపిస్తుంది గాని దగ్గరికి వెళ్లి చూస్తే మధ్యలో బోడిగా, పైన ఉప్పు పేరుకున్న పర్ర భూమి ఉంటుంది. అక్కడ చెట్టు ఎందుకు లేదని అడిగితే కొట్టేశారు కాబట్టి అని చెప్పడం సులభం. కొట్టేసిన మాట కూడా నిజమే. అయితే కొట్టేసిన చోట మళ్లీ ఎందుకు మొలవలేదు అన్నదే అసలు ప్రశ్న. మడ విత్తనాలు నీటి మీద తేలి వస్తాయి. పక్కనే అడవి ఉంది, విత్తనాలకు కొదవ లేదు. అయినా దశాబ్దాల తరబడి ఆ నేల బోడిగానే ఉండిపోయింది.

దీనికి సమాధానం నేల ఎత్తులో ఉంది. ఒకేసారి పెద్ద విస్తీర్ణంలో చెట్లు నరికినప్పుడు, ఎండ నేరుగా తగిలి బురద నేల ఎండి కుంగుతుంది. చుట్టూ కాలువల ఒడ్లు ఎత్తుగా, నడుమ పల్లంగా మిగులుతుంది. పున్నమికో అమావాస్యకో పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు ఒడ్డు దాటి ఆ పల్లంలోకి చేరుతుంది. పాటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తిరిగి పోవడానికి దారి ఉండదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరై ఉప్పును అక్కడే వదిలిపెడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మడ చెట్టు దాన్ని తట్టుకుంటుంది. అంతకు రెట్టింపు, మూడింతలు ఉప్పు పేరుకున్న నేలలో మాత్రం తెల్ల మడకు కూడా బతకడం కష్టం. మన తీరంలో ఆటుపోట్ల తేడా మీటరు, మీటరున్నరకు పెద్దగా మించదు కాబట్టి, నేల అరడుగు ఎత్తు తేడా వచ్చినా రోజూ నీరు వచ్చిపోయే చోటు కాస్తా నీరు నిలిచే చోటుగా మారిపోతుంది. రొయ్యల చెరువుల గట్లు చేసే నష్టం కూడా ఇదే తరహాది. గట్టు వేసినవాడు ఒక్క చెట్టయినా కొట్టకపోవచ్చు; ఆ గట్టు వెనుక పోటు నీరు అందని అడవి తనంతట తానే కొన్నేళ్లలో ఎండిపోతుంది.

ఈ కారణాన్ని సరిగ్గా పట్టుకొని పనిచేసినవారు ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు. తమిళనాడులోని పిచ్చావరంలోను, తర్వాత 1990ల చివరి నుంచి గోదావరి, కృష్ణా డెల్టాల్లోను వారు అటవీశాఖతో, స్థానిక గ్రామాలతో కలిసి మొక్కల కన్నా ముందు కాలువలు తవ్వించారు. సహజమైన ఏరు నుంచి ఒక ప్రధాన కాలువను ఏటవాలుగా పర్ర మధ్యకు తీసుకువెళ్లి, దానికి రెండు వైపులా చేప వెన్నుముల్లు ఆకారంలో పిల్ల కాలువలు తీస్తారు. తొంభై డిగ్రీల మలుపుతో తీస్తే నీరు ఒడ్డును కోస్తుంది, పూడిక పేరుకుంటుంది, అందుకే ఏటవాలు. కాలువల పక్క గోడలు నిటారుగా ఉండవు, పైన వెడల్పుగా అడుగున ఇరుకుగా ఉంటాయి. మొక్కలను నాటేది కాలువ అడుగునా కాదు, గట్టు పైనా కాదు; ఆ వాలు మధ్యలో, పోటుకు తడిసి పాటుకు ఆరే చోట.

నాగాయలంక వైపు అలాంటి పాత కాలువ ఒకదాన్ని పాటు వేళ పడవలోంచి చూశాను. నీరు తగ్గుతున్న కొద్దీ పిల్ల కాలువల్లోంచి సన్నని ధారలు ప్రధాన కాలువలోకి, అక్కడి నుంచి ఏటిలోకి జారుతున్నాయి. వాలు మీద వరుసగా ఉన్న తెల్ల మడ చెట్లు మనిషి ఎత్తు దాటి ఉన్నాయి. వాటి మొదళ్ల చుట్టూ శ్వాస వేళ్లు, వేళ్ల మధ్య ఎర్ర డెక్కల చిన్న పీతలు. కాలువకు దూరంగా ఉన్న చోట్ల మాత్రం ఇప్పటికీ నేల తెల్లగానే ఉంది. ఒకే పర్రలో కొద్ది అడుగుల ఎడంలో పచ్చదనం, బోడితనం పక్కపక్కన కనిపించాయి. పడవ నడిపిన పెద్దాయనను "ఈ చెట్లకు ఉప్పు ఎక్కువైతే చస్తాయా బాబాయ్?" అని అడిగాను. "ఉప్పుకి చావదు బాబూ, నిలవ నీళ్లకి చస్తది. నీళ్లు కదులుతుంటే దాని పని అది చూసుకుంటది" అన్నాడు. శాస్త్రవేత్తలు పటాలు గీసి, ఉప్పు శాతం కొలిచి చేరిన నిర్ణయమే ఆ మాటల్లో ఉంది. మొగల దగ్గర బతికే మత్స్యకారులకు ఈ విషయం ఎప్పుడూ తెలుసు. వాళ్లను అడిగే అలవాటు మనకు తక్కువ.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. కాలువలు పూడిపోతాయి. ప్రతి పోటూ కొంత బురదను మోసుకొస్తుంది. కొన్నేళ్లకు ఒకసారి పూడిక తీయకపోతే మళ్లీ నీరు నిలిచిపోతుంది, కథ మొదటికి వస్తుంది. చెట్లు బలంగా వేళ్లూనుకున్న చోట కొంత నష్టం జరిగినా అవి తట్టుకుంటాయి గాని, కొత్తగా నాటిన చోట మొక్కలు పోతాయి. ప్రాజెక్టులు మూడేళ్లకో ఐదేళ్లకో ముగుస్తాయి. కాలువ మాత్రం ఏటా పూడుతూనే ఉంటుంది. నాటడానికి నిధులు దొరికినంత సులభంగా పూడికతీతకు దొరకవు, ఎందుకంటే పూడిక తీసిన కాలువ పక్కన నిలబడి ఫొటో దిగాలని ఎవరికీ అనిపించదు.

నీటి దారి చూడకుండా నాటితే ఏమవుతుందో ఇతర దేశాలు పెద్ద ఖర్చుతో తెలుసుకున్నాయి. ఫిలిప్పీన్స్‌లో రెండు దశాబ్దాల పాటు కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి నాటిన మడ మొక్కల్లో దీర్ఘకాలం బతికినవి సాధారణంగా పది నుంచి ఇరవై శాతమే అని 2008లో అక్కడి పరిశోధకులు రాశారు. శ్రీలంకలో 2004 సునామీ తర్వాత ఉత్సాహంగా నాటిన చోట్లను పరిశీలిస్తే, ఇరవై మూడింటిలో తొమ్మిది చోట్ల ఒక్క మొక్కా మిగలలేదు. రెండు చోట్లా ప్రధానమైన కారణం ఒకటే. మడ సహజంగా పెరిగే ఎత్తు కన్నా పల్లంలో, రోజులో ఎక్కువ సేపు నీట మునిగి ఉండే బురద మైదానాల్లో నాటారు. అక్కడ భూమి ఎవరిదీ కాదు కాబట్టి తగాదా ఉండదు. అసలు మడ పెరగాల్సిన ఎత్తులో అప్పటికే చేపల, రొయ్యల చెరువులు ఉన్నాయి. వాటిని కదిలించడం కష్టం, బురదలో గుచ్చడం సులభం. మన దగ్గర కూడా ఇదే ఒత్తిడి పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి. దీనికి భిన్నంగా అమెరికాలోని ఫ్లోరిడాలో రాబిన్ లూయిస్ అనే జీవశాస్త్రవేత్త పూడ్చిన నేలను తిరిగి సరైన ఎత్తుకు తవ్వించి, ఆటుపోట్ల నీరు వచ్చిపోయేలా చేసి ఊరుకున్నాడు. విత్తనాలు వాటంతట అవే తేలివచ్చి అడవి లేచింది.

ఆటుపోట్ల నీటి గురించి ఇంతసేపు చెప్పాను. డెల్టాకు రెండో నీరు నది నుంచి వస్తుంది, అది ఒండ్రును తెస్తుంది. ఆ ఒండ్రే లేకపోతే మడ నిలబడటానికి నేలే ఉండదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కృష్ణా నది 1960ల చివర ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది. 2000 తర్వాతి సంవత్సరాల్లో అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరిది పదిహేను కోట్ల టన్నుల నుంచి ఆరు కోట్ల టన్నుల లోపుకు తగ్గింది. మిగతాది ఎగువ జలాశయాల్లో పేరుకుపోతోంది. 1965 నుంచి 2008 వరకు జంట డెల్టాల తీరంలో కొత్తగా ఏర్పడిన నేలను మినహాయించాక నికరంగా 76 చదరపు కిలోమీటర్ల భూమి సముద్రంలో కలిసిపోయింది. ఈ అంకెలు చదివినప్పుడు నాకు కలిగిన బాధ చిన్నది కాదు. నాగార్జునసాగర్, శ్రీశైలం లేకుండా మన తిండి, మన కరెంటు లేవు. వాటిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. కానీ తీరం కోసుకుపోతోందని ఒక శాఖ రాళ్ల గోడ కడుతుంటే, తీరానికి చేరాల్సిన ఒండ్రు గురించి ఇంకో శాఖ ఎన్నడూ ఆలోచించకపోవడం సరికాదు. వరదల కాలంలో గేట్లు ఎప్పుడు, ఎలా ఎత్తితే అడుగున పేరుకున్న ఒండ్రులో కొంతైనా కిందికి కదులుతుందో, వేసవిలో మొగ దాకా కొంత మంచినీరైనా చేరాలంటే ఎంత వదలాలో లెక్కగట్టడం కూడా తీర రక్షణలో భాగమే. కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరంలో పెద్ద ఖర్చుతో వేసిన జియో ట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచుల) గోడ కొద్ది సంవత్సరాల్లోనే దెబ్బతిన్న సంగతి అందరికీ తెలిసిందే.

మడ లేని చోట, అంటే ఇసుక తీరంలో, పని ఇసుక దిబ్బలది. అక్కడ మనం ఎంచుకున్న పరిష్కారం సరుగుడు. గాలి వేగాన్ని, ఎగిరే ఇసుకను సరుగుడు తోటలు బాగా ఆపుతాయి, పేదలకు కలప ఆదాయం ఇస్తాయి, వాటిని కొట్టిపారేయలేం. అయితే దిబ్బను చదును చేసి, అలల అంచుదాకా సరుగుడు నాటడం మాత్రం పొరపాటు. ఇసుకను పట్టి ఉంచేది బాలబండి తీగ వంటి నేలబారు మొక్కలు; సరుగుడు నీడలో, రాలిన ఆకుల మందపాటి పొర కింద అవి పెరగవు. దిబ్బ ఎత్తు తగ్గితే ఉప్పెనకు అడ్డం తగ్గినట్టే. తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు కూడా పోతుంది.

తీరం నుంచి కొంచెం లోపలికి వస్తే కొల్లేరు కథా ఇదే. బుడమేరు, తమ్మిలేరు వాగులు తెచ్చే వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రానికి పంపే పని ఆ సరస్సుది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చేపల చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. ఆ తర్వాత గట్లు చాలా చోట్ల మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు, కట్ట తెగి ఊళ్లోకి వచ్చింది. దాని దారిని, అది విశ్రాంతి తీసుకునే చోటును ఇళ్లు, చెరువులు ఆక్రమించిన తర్వాత కట్టలను ఇంకా ఎత్తు పెంచుకుంటూ పోవడం ఒక్కటే సరిపోదు.

చట్టం మన పక్షాన కొంత ఉంది. 2011 నాటి తీర క్రమబద్ధీకరణ నోటిఫికేషన్ వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి చుట్టూ యాభై మీటర్ల రక్షిత మేర ఉంచాలని చెప్పింది. అయినా 2020లో కాకినాడ శివారు దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేలను పూడ్చిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. పేదలకు ఇళ్లు కావాలి, అందులో రెండో మాట లేదు. ఉప్పెన వస్తే మొదట మునిగే నేల మీదనే, ఆ ఉప్పెనను కొంతైనా ఆపే అడవిని తీసేసి, వారికే ఇళ్లు ఇవ్వడం వారికి చేసే మేలు ఎలా అవుతుంది?

కాబట్టి ఈసారి మొక్కలు నాటే కార్యక్రమానికి పిలుపు వచ్చినప్పుడు నిర్వాహకులను కొన్ని విషయాలు అడగాలని తీర ప్రాంత మిత్రులను కోరుతున్నాను. ఆ చోట ఇంతకు ముందు మడ ఉండేదా? ఉంటే ఎందుకు పోయింది? పోటు నీరు రోజూ వచ్చి రోజూ పోతోందా, లేక నిలిచిపోతోందా? ఆ ఊరి మత్స్యకారులను అడిగారా? పశువులు మొక్కలను మేయకుండా ఎవరు కాస్తారు? మూడో ఏడు, ఐదో ఏడు లెక్క ఎవరు తీస్తారు, ఎక్కడ ప్రకటిస్తారు? అన్నిటికన్నా ముందు, కాలువల పూడికతీతకు డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుంది? ఊరి చెరువులకు చేసినట్టే ఈ కాలువల పూడికతీతను కూడా ఉపాధి హామీ పనుల్లో చేర్చి, వేసవిలో వేట నిషేధం ఉన్న రెండు నెలలు తీర గ్రామాల వాళ్లకే ఆ పని ఇస్తే, చేపల వేటకు వెళ్లలేని రోజుల్లో వారికి కూలి దొరుకుతుంది, వానలు మొదలై విత్తనాలు తేలివచ్చే వేళకు కాలువలు తెరుచుకొని ఉంటాయి. పంచాయతీలు, వన సంరక్షణ సమితులు కలిసి తీర్మానం చేసి పంపవలసిన ప్రతిపాదన ఇది. మా మండలంలో దాన్ని రాయించే ప్రయత్నంలో ఉన్నాం.